పాఠం 17: దీవికి వచ్చిన అతిథి

17.0 పరిచయం

గత పాఠంలో మనం అడవుల సంరక్షణ గురించి తెలుసుకున్నాం. ఈ పాఠంలో సముద్రం మధ్యనున్న దీవుల గురించి, వాటిని చూడటానికి వెళ్లే యాత్రికుల ప్రవర్తన గురించి చదువుకుందాం.

మీరు ఎప్పుడైనా తీర్థయాత్రకో, సముద్రతీరానికో వెళ్లి ఉంటారు. అక్కడ “చెత్త వేయరాదు” అన్న బోర్డు కిందనే చెత్త కుప్పగా పడి ఉండటం కూడా చూసి ఉంటారు. ఆ చెత్త వేసినవారందరూ చదువురానివారా? కాదు. బోర్డు చదివి కూడా వేశారు. అంటే ఒక విషయం తెలియడానికీ, తెలిసినదానిని ఆచరించడానికీ మధ్య కొంత దూరం ఉంది. ఆ దూరాన్ని తగ్గించేది ఏమిటి? పడవ నడిపేవారు, లాడ్జిలో పనిచేసేవారు, టాక్సీ డ్రైవర్లు, గైడులు ఇందులో ఏం చేయగలరు? ఈ పాఠంలో ప్రధానంగా చర్చించే విషయం ఇదే.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. అండమాన్ దీవులలో తెలుగువారు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. అక్కడికి వెళ్లే యాత్రికులలోనూ, వారికి సేవలు అందించేవారిలోనూ మనవాళ్లు ఉన్నారు.

17.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• దీవులు యాత్రికుల తాకిడికి త్వరగా దెబ్బతినడానికి కారణాలు వివరించగలుగుతారు.
• పర్యావరణహిత పర్యాటక సేవ అంటే ఏమిటో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• యాత్రికుల ప్రవర్తనను మార్చడంలో సమాచారానికీ, ఏర్పాటుకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• సేవలు అందించేవారి ఇబ్బందులను, వారి బాధ్యతలను చర్చించగలుగుతారు.
• సూచన బోర్డులలో వాడే వాక్యభేదాలను గుర్తించి, సొంతంగా రాయగలుగుతారు.

17.2 దీవి ఎందుకు సున్నితమైనది?

పెద్ద ఊళ్లో నీరు చాలకపోతే దూరంలోని నది నుంచి గొట్టాల ద్వారా తెచ్చుకుంటారు. చెత్త పెరిగితే ఊరి బయటకు తరలిస్తారు. చిన్న దీవిలో ఈ రెండూ కుదరవు. చుట్టూ నీరే అయినా తాగడానికి పనికిరాదు. “ఊరి బయట” అంటే సముద్రమే.

లక్షద్వీప్‌ను ఉదాహరణగా తీసుకోండి. అక్కడ 36 దీవులున్నాయి. వాటి మొత్తం వైశాల్యం సుమారు 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. జనావాసం ఉన్నవి 10. నదులు లేవు. వాన నీరు ఇసుక, పగడపు రాళ్ల గుండా దిగి, భూమి లోపల ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కావడమే దీనికి కారణం. బావుల నుంచి మితంగా తోడుకున్నంత కాలం ఆ పొర నిలుస్తుంది. ఎక్కువగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కేంద్రాన్ని 2005లో కవరత్తిలో ప్రారంభించవలసి వచ్చింది. బయటి నుంచి వచ్చిన అతిథి రెండుసార్లు స్నానం చేస్తే, అక్కడివారి బావి నీటిలో వాటా తీసుకున్నట్లే.

రెండవది పగడపు దిబ్బలు. వీటినే ప్రవాళ భిత్తికలు అంటారు. పగడం చూడటానికి రాయిలా, చెట్టుకొమ్మలా ఉంటుంది. నిజానికి అది అతి చిన్న జీవుల సమూహం. అవి తమ చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటాయి. తరతరాల గూళ్లు పేరుకుని దిబ్బలవుతాయి. బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. ఒక లంగరు దెబ్బకు, ఒక పాదం బరువుకు విరిగినది తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఈ దిబ్బలే అలల ఉధృతిని తగ్గించి దీవి ఒడ్డును కాపాడతాయి. చేపలకు నివాసమవుతాయి. లక్షద్వీప్ వంటి చోట్ల దీవి నేల కూడా పగడాలతో ఏర్పడినదే.

సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తెల్లబారిపోతాయి. వాటిలో నివసిస్తూ ఆహారం అందించే సూక్ష్మమైన నాచు బయటకు పోవడమే దీనికి కారణం. 1998లోనూ, 2010లోనూ మన దీవుల చుట్టూ ఇలా జరిగింది. యాత్రికుడు సముద్రపు వేడిని తగ్గించలేడు. కాని అప్పటికే నీరసించిన పగడాన్ని తొక్కకుండా ఉండగలడు. జబ్బుపడి కోలుకుంటున్న మనిషిని విశ్రాంతిగా వదిలిపెట్టడం వంటిదే ఇది.

పాఠగత ప్రశ్నలు 17.1

ఖాళీలను పూరించండి.
(అ) లక్షద్వీప్‌లో జనావాసం ఉన్న దీవుల సంఖ్య ________.
(ఆ) దీవిలో బావి నీటిని అతిగా తోడితే ________ పైకి వస్తుంది.
(ఇ) పగడపు దిబ్బలకు మరొక పేరు ________.

17.3 చెబితే చాలదా?

చాలామంది అనుకునేది ఇది: “యాత్రికులకు తెలియక చేస్తున్నారు. తెలియజేస్తే మానేస్తారు.” ఇందులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో పరిశీలించిన అధ్యయనాలను చూద్దాం.

ఈజిప్టు దేశంలో, ఎర్ర సముద్రతీరాన ఉన్న రాస్ మహమ్మద్ జాతీయ పార్కులో డైవింగ్ చేసేవారిని పరిశీలించారు. ఈ అధ్యయనం 1997లో ప్రచురితమైంది. నీటిలోకి దిగినవారు ప్రతి ఏడు నిమిషాలకు సగటున 1.4 సార్లు పగడాలకు తగులుతూ ఉండేవారు. పగడాల జీవితం గురించి బొమ్మలతో వివరంగా చెప్పి, నీటిలో ప్రత్యక్షంగా చూపించిన తరువాత అది 0.4కు తగ్గింది.

కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవిలో జరిగిన మరొక అధ్యయనం 2004లో వచ్చింది. అక్కడ డైవింగ్‌కు ముందు చెప్పే మామూలు సూచనలలో “పగడాలను తాకవద్దు” అన్న ఒక్క వాక్యం కలిపారు. దానివల్ల ఏ మార్పూ రాలేదు. అయితే నీటిలో వెంట ఉన్న గైడు, ఎవరైనా పగడానికి తగలబోతున్నప్పుడు వెంటనే సైగతో వారించినప్పుడు, తగిలే సందర్భాలు నిమిషానికి 0.3 నుంచి 0.1కి తగ్గాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. ఒక్క ముక్కలో ఆదేశిస్తే మనసుకు పట్టదు. కారణం వివరించి, కళ్లకు చూపిస్తే పడుతుంది. పక్కనే ఒక మనిషి ఉండి సమయానికి గుర్తుచేస్తే ఇంకా బాగా పడుతుంది. అంటే బోర్డు చేయలేని పనిని సేవ అందించే మనిషి చేయగలడు.

మరొక సంగతి. మనిషి తోటివారిని చూసి నడుచుకుంటాడు. అమెరికాలోని ఒక హోటల్‌లో జరిపిన అధ్యయనం 2008లో ప్రచురితమైంది. “పర్యావరణాన్ని కాపాడటానికి తువ్వాలును మళ్లీ వాడండి” అని రాసిన గదులలో నూటికి 35 మంది వాడారు. “ఇక్కడ దిగిన అతిథులలో ఎక్కువమంది తువ్వాలును మళ్లీ వాడుతున్నారు” అని రాసిన గదులలో నూటికి 44 మంది వాడారు. హోటలు అదే, తువ్వాళ్లు అవే. మారింది వాక్యం మాత్రమే.

17.4 ఏర్పాటే సగం పాఠం

పర్యావరణహిత పర్యాటక సేవ అంటే యాత్రికుడికి వసతి, ప్రయాణం, భోజనం, వినోదం అందిస్తూనే, ఆ చోటి ప్రకృతికీ, ప్రజలకూ హాని కలగకుండా ఏర్పాటు చేసిన సేవ. ఇందులో “ఏర్పాటు” అన్న మాట ముఖ్యం. మంచి ఏర్పాటు ఉన్నచోట తప్పు చేయడం కష్టమవుతుంది, ఒప్పు చేయడం సులువవుతుంది.

(అ) వండూరు ఉదాహరణ

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024లో దీని పేరును శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు ఉంది. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు ఇదే ద్వారం. ఈ పార్కులో 15 దీవులున్నాయి. యాత్రికులను ప్రధానంగా జాలీబాయ్, రెడ్‌స్కిన్ అనే రెండు దీవులకు తీసుకుపోతారు. అదీ రెండింటికీ ఒకేసారి కాదు. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి, మిగిలిన నెలలు మరొకటి తెరుస్తారు. రైతు పొలాన్ని బీడు పెట్టినట్లుగా, ఒక దీవికి విశ్రాంతి దొరుకుతుంది.

పడవ ఎక్కే ముందు సామాను తనిఖీ ఉంటుంది. ప్లాస్టిక్ సంచులు, పొట్లాలు ఒడ్డునే వదలాలి. తాగునీటి కోసం డిపాజిట్ కట్టించుకుని, మళ్లీ వాడదగిన సీసా ఇచ్చే పద్ధతి పెట్టారు. తిరిగి వచ్చి సీసా అప్పగిస్తే డిపాజిట్ వాపసు ఇస్తారు. ఈత రానివారు కూడా నీటిలోకి దిగకుండానే పగడాలను చూడటానికి అడుగున అద్దం అమర్చిన పడవలున్నాయి.

ఈ ఏర్పాటును గమనించండి. ప్లాస్టిక్ దీవికి చేరనే లేదు కాబట్టి దానిని అక్కడ పారవేసే ప్రశ్నే లేదు. సీసా పారేస్తే సొంత డబ్బు పోతుంది కాబట్టి ఎవరూ పారేయరు. పగడాన్ని చూడాలన్న కోరిక తీరుతుంది కాబట్టి దానిపై నిలబడవలసిన అవసరం రాదు. ఉపన్యాసం ఇవ్వకుండానే యాత్రికుడు బాధ్యతగా నడుచుకుంటాడు.

(ఆ) ఓడలోనే బస

లక్షద్వీప్ వెళ్లడానికి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ రూపొందించిన “సముద్రం” యాత్రలో ప్రయాణికులు కొచ్చిలో ఓడ ఎక్కుతారు. పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులలో దిగి చూస్తారు. సాయంత్రం ఓడకు తిరిగి వచ్చి అక్కడే నిద్రిస్తారు. దీనివల్ల చిన్న దీవి మీద గదుల భారం, నీటి భారం తగ్గుతాయి.

(ఇ) చిన్న సేవలు, పెద్ద ఫలితాలు

అన్ని ఏర్పాట్లూ ప్రభుత్వమే చేయనక్కర లేదు. ఎవరి స్థాయిలో వారు చేయదగినవి ఇవి:

• పడవవారు: పగడాల మీద లంగరు వేయకుండా, నీటిపై తేలే బోయాకు తాడు కట్టడం.
• లాడ్జివారు: గదికి వాన నీరు ఎంత కష్టపడి వస్తుందో ఒక్క మాట చెప్పి, స్నానానికి బకెట్టు, మగ్గు పెట్టడం, కాచి చల్లార్చిన నీటిని కుండలో ఉంచి, అతిథి సొంత సీసాలో నింపుకునేలా చూడటం.
• భోజనశాలవారు: అరిటాకులో, స్టీలు పళ్లెంలో వడ్డించడం, గుడ్లతో ఉన్న చేపలను, మరీ చిన్న చేపలను కొనకపోవడం.
• తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన ఉన్నవారు: ఆ కాలంలో సముద్రం వైపు దీపాలు ఆర్పడం. గుడ్లనుంచి బయటపడిన పిల్లలు రాత్రివేళ వెలుతురున్న వైపు నడుస్తాయి. సహజంగా ఆ వెలుతురు సముద్రం మీద ఉంటుంది. ఒడ్డున దీపాలు వెలిగితే అవి దారి తప్పుతాయి.

పాఠగత ప్రశ్నలు 17.2

సరైన జవాబును గుర్తించండి.
1. సెయింట్ లూసియాలో మార్పు తెచ్చినది: (అ) బోర్డు (ఆ) జరిమానా (ఇ) గైడు సైగ (ఈ) ఒక్క వాక్యం సూచన
2. వండూరులో సీసాకు డిపాజిట్ తీసుకోవడానికి కారణం: (అ) ఆదాయం కోసం (ఆ) సీసా తిరిగి రావడం కోసం (ఇ) నీటి ధర పెంచడం కోసం (ఈ) రద్దీ తగ్గించడం కోసం

17.5 సంభాషణ

ఈ కింది సంభాషణ కల్పితం. దీనిని బిగ్గరగా చదవండి. వీలైతే మీ అధ్యయన కేంద్రంలో ముగ్గురు కలిసి పాత్రలు పంచుకుని చదవండి. పడవ నడిపే వ్యక్తి తల్లిదండ్రులు శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లినవారు. యాత్రికులు కాకినాడ దంపతులు.

భార్య: అన్నా, ఇది చూడండి, తులసి కొమ్మలాగ ఎంత ముద్దుగా ఉందో! ఒడ్డునే పడి ఉంది. పిల్లలకు చూపించడానికి బ్యాగులో వేసుకుంటాను.

పడవ వ్యక్తి: వద్దమ్మా, ఎక్కడిది అక్కడే ఉంచేయండి. చేతిలో పట్టుకోండి, మీకొక ఫొటో తీసి ఇస్తాను. పిల్లలకు అది చూపించండి.

భార్య: చచ్చిపోయిన ముక్కే కదన్నా? నేనేమీ విరవలేదుగా!

పడవ వ్యక్తి: చచ్చినదైనా తీసుకెళ్లకూడదమ్మా, చట్టం ఒప్పుకోదు. ఎయిర్‌పోర్టులో సామాను చూస్తారు, దొరికితే ఇబ్బంది పడతారు. అదీ కాక, ఈ ముక్కలే అరిగి అరిగి ఇసుకవుతాయి. మీ కాళ్ల కింద తెల్లగా ఉందే, అది ఇదేనమ్మా.

భార్య: ఒక్క ముక్కకే తరిగిపోతుందా?

పడవ వ్యక్తి: ఈ రోజు నా పడవలోనే పదిహేను మంది ఎక్కారు. తలా ఒకటి పట్టుకెళితే, మా అబ్బాయి పడవ పట్టేనాటికి చూపించడానికి ఏం మిగులుతుంది తల్లీ?

భర్త: సరేలేవయ్యా. పోనీ, ఓ వంద ఎక్కువిస్తాం, పడవను ఆ దిబ్బ మీదికి పోనీ. దగ్గరగా చూస్తాం.

పడవ వ్యక్తి: డబ్బుకేం గాని బాబూ, ఇప్పుడు పోటు తగ్గింది. పడవ అడుగు తగిలితే పగడం విరిగిపోతుంది. ఇక్కడి నుంచే అద్దంలోకి చూడండి. అదిగో, ఆకుపచ్చగా ఉన్నది చిలుక చేప. పగడాన్ని కొరుకుతోంది, చప్పుడు కూడా వినిపిస్తుంది, కాసేపు మాట్లాడకుండా ఉండండి.

(అందరూ నిశ్శబ్దంగా అద్దంలోకి చూస్తారు.)

ఈ సంభాషణలో పడవ వ్యక్తి ఎవరినీ కసరలేదు. తీసుకోవద్దన్నప్పుడు బదులుగా ఫొటో ఇచ్చాడు. చట్టం ఉందని చెప్పాడు. అంతటితో ఆగక కారణం చెప్పాడు. ఎక్కువ డబ్బును కాదన్నాడు. కాదన్నచోటే మరొక ఆనందాన్ని చూపించాడు. అతను చెప్పిన చట్టం నిజమైనదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి పగడాలను 2001లో చేర్చారు. వాటిని సేకరించడం, అమ్మడం, వెంట తీసుకుపోవడం నేరం.

అయితే అతను వంద రూపాయలు వదులుకున్నాడని మరువకండి. పక్క పడవవాడు ఆ వంద తీసుకుని దిబ్బ మీదికి వెళితే, రేపు యాత్రికులు ఆ పడవనే ఎక్కుతారు. ఒక్కడి నిజాయితీ అతనికి నష్టం కాకూడదంటే రేవులోని పడవలన్నీ ఒకే నియమం పాటించాలి. అందరికీ ఒకే రుసుము ఉండాలి. నియమం మీరినవారిపై అధికారులు చర్య తీసుకోవాలి. మంచి సేవకు వెనుక బలం ఇదే.

17.6 మనుషులు చూపుడు వస్తువులు కారు

సేవలు మంచి ప్రవర్తననే కాదు, చెడు ప్రవర్తనను కూడా ప్రోత్సహించగలవు. దీనికి జరావా ప్రజల అనుభవమే సాక్ష్యం.

జరావాలు అండమాన్ దీవుల ఆదివాసులు. వేటాడి, అడవి దుంపలు, తేనె సేకరించి జీవిస్తారు. వారి సంఖ్య కొన్ని వందలు మాత్రమే. వారి అడవి గుండా అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలను చూడటానికి యాత్రికులు ఈ రోడ్డు మీద పోలీసు రక్షణతో బారులుగా వాహనాలలో వెళుతుంటారు. గుహల పేరు చెప్పి, దారిలో “జరావాలను చూపిస్తాం” అని ఆశపెట్టిన ఏజెంట్లూ, వాహనం నెమ్మది చేసిన డ్రైవర్లూ ఉన్నారు. బిస్కెట్లు, అరటిపళ్లు విసిరిన యాత్రికులూ ఉన్నారు. 2012 జనవరిలో, ఆహారం ఆశచూపి జరావా స్త్రీల చేత నాట్యం చేయించిన దృశ్యాలు బయటపడినప్పుడు దేశమంతటా నిరసన వ్యక్తమైంది.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించినది. బయటి ప్రపంచంలో మామూలైన జబ్బులను తట్టుకునే శక్తి ఇటువంటి ప్రజలకు తక్కువగా ఉంటుంది. 1999లోనూ, 2006లోనూ జరావాలలో తట్టు వ్యాపించింది. అందువల్ల 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలను 2012లో సవరించి శిక్షలు కఠినం చేశారు. ఆ ప్రాంతంలో వాహనం ఆపడం, ఫొటో తీయడం, ఆహారం ఇవ్వడం నిషిద్ధం. సుప్రీంకోర్టు 2002లోనే అడవిలోని ఆ రోడ్డు భాగాన్ని మూసివేయాలని ఆదేశించినా, రాకపోకలు ఆగలేదు. 2017లో బారాటాంగ్‌కు సముద్రమార్గం ప్రారంభమైంది.

ఇక్కడ బాధ్యతగల సేవ అంటే ఏమిటో ఆలోచించండి. సముద్రమార్గాన టిక్కెట్టు కొని ఇవ్వడం. “జరావాలు కనిపిస్తారా?” అని అడిగిన అతిథితో, “వారు చూడవలసిన వింతలు కారండీ, ఆ అడవి వారి ఇల్లు” అని చెప్పడం. మన ఇంటి వాకిట్లో బస్సు ఆపి, మనం అన్నం తింటుంటే ఫొటోలు తీస్తే మనం ఊరుకుంటామా?

17.7 ఇతర దీవుల అనుభవం

పలావు: పసిఫిక్ మహాసముద్రంలోని ఈ చిన్న దేశం 2017 డిసెంబరు నుంచి కొత్త పద్ధతి పెట్టింది. దేశంలోకి వచ్చే యాత్రికుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్రిస్తారు. పలావు పిల్లలను ఉద్దేశించి రాసిన ఆ ప్రతిజ్ఞ కింద యాత్రికుడు సంతకం చేయాలి. తన చేతితో సంతకం చేసిన మాటను మనిషి సులువుగా మరువడు. పగడాలకు హానిచేసే రసాయనాలున్న ఎండ క్రీములను కూడా 2020 నుంచి అక్కడ నిషేధించారు.

మాల్దీవులు: 2015 నవంబరు నుంచి ఒక్కొక్క యాత్రికుడి నుంచి రాత్రికి ఇంత అని “హరిత పన్ను” వసూలు చేస్తున్నారు. రిసార్టులలో మొదట 6 డాలర్లుగా ఉన్న పన్నును 2025 జనవరిలో 12 డాలర్లకు పెంచారు. తన రాకకు దీవి మోసే ఖర్చులో యాత్రికుడు కొంత భరించాలన్నది దీని భావం.

సెయింట్ మార్టిన్: బంగ్లాదేశ్‌కు చెందిన ఈ చిన్న పగడపు దీవిని 1999లో పర్యావరణపరంగా ప్రమాదంలో ఉన్న ప్రాంతంగా ప్రకటించారు. అయినా హోటళ్లు, యాత్రికులు పెరుగుతూనే వచ్చారు. చివరకు 2024లో ప్రభుత్వం రోజుకు 2,000 మందికి మించి రాకూడదని, నవంబరులో రాత్రి బస ఉండరాదని ఆంక్షలు పెట్టింది. యాత్రికుల మీదనే ఆధారపడ్డ స్థానికులు తమ రాబడి పోతుందని ఆందోళన చెందారు. సకాలంలో కొద్దిపాటి క్రమశిక్షణ పాటించకపోతే, ఆలస్యంగా వచ్చే కఠిన నియమాల బరువు పేదవారి మీద ఎక్కువగా పడుతుందని ఈ అనుభవం నేర్పుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. “పర్యావరణహితం” అన్న మాటను బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన సేవ అటువంటిది కాదు. నీరు ఎక్కడ నుంచి వస్తుంది? మురుగు ఎక్కడికి పోతుంది? పని ఎవరికి దొరుకుతోంది? ఈ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలిగినవారినే నమ్మాలి. ఎంత మంచి సేవలైనా యాత్రికుల సంఖ్య దీవి భరించగలిగినదానికి మించితే అవి మాత్రమే కాపాడలేవు.

17.8 భాషాంశం: బోర్డుల భాష

ఒకే విషయాన్ని పలు విధాలైన వాక్యాలలో చెప్పవచ్చు.

1. నిషేధార్థక వాక్యం: పగడాలను తాకరాదు.
2. విధ్యర్థక వాక్యం: మీరు తెచ్చిన చెత్తను మీరే తీసుకుని వెళ్లండి.
3. ప్రార్థనార్థక వాక్యం: దయచేసి నీటిని పొదుపుగా వాడండి.
4. అనుమత్యర్థక వాక్యం: అద్దాల పడవ నుంచి మీరు ఫొటోలు తీసుకోవచ్చు.
5. చేదర్థక వాక్యం: పగడం విరిగితే చేపపిల్లలకు నీడ ఉండదు.

ప్రమాదం ఉన్నచోట, చట్టం ఉన్నచోట నిషేధార్థకం తప్పదు. కాని అన్ని బోర్డులూ “రాదు, రాదు” అంటే చదివేవారికి విసుగు కలుగుతుంది. ఏది చేయకూడదో చెప్పిన వెంటనే ఏది చేయవచ్చో అనుమత్యర్థకంలో చెప్పడం మంచిది. చేదర్థకంలో కారణం తెలుస్తుంది. “ఇక్కడ చాలామంది చెత్త వేస్తున్నారు” అని రాయకండి. అందరూ వేస్తున్నప్పుడు నేను వేస్తే ఏం అనిపిస్తుంది.

కృత్యం: మీ ఊరి గుడి, చెరువు, బస్టాండు లేదా సముద్రతీరం వద్ద ఉన్న మూడు బోర్డులను రాసుకుని రండి. అవి ఏ రకం వాక్యాలో గుర్తించండి. వాటిలో ఒకదానిని జనం పాటించేలా తిరిగి రాయండి. ఆ బోర్డుకు తోడుగా అక్కడ ఏ ఏర్పాటు ఉండాలో కూడా రాయండి.

17.9 మీరు నేర్చుకున్నది

• దీవిలో మంచినీరు, స్థలం, పగడాలు పరిమితం. నష్టం త్వరగా జరుగుతుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది.
• ఒక్క ఆదేశం చాలదు. కారణం వివరించడం, ప్రత్యక్షంగా చూపడం, సమయానికి గుర్తుచేయడం ఫలితమిస్తాయి.
• మంచి సేవలో ఏర్పాటే యాత్రికుడిని సరైన దారిలో నడిపిస్తుంది.
• సేవలు చెడుకూ తోడ్పడగలవు. అందరికీ ఒకే నియమం, అధికారుల అండ అవసరం.

17.10 పదాలు - అర్థాలు

తాకిడి: ఒత్తిడి, దెబ్బ
ఉధృతి: తీవ్రత, జోరు
లంగరు: పడవను నిలిపే ఇనుప కొక్కెం
బోయా: గుర్తుగా, పడవ కట్టడానికి నీటిపై తేలేది
వారించు: వద్దని ఆపు
పోటు: సముద్రపు నీరు పెరగడం
తట్టు: ఒంటిపై ఎర్రని పొక్కులతో వచ్చే అంటువ్యాధి

17.11 పాఠాంత ప్రశ్నలు

1. చిన్న దీవిలో మంచినీరు ఎలా నిలుస్తుంది? ఎలా చెడిపోతుంది? ఐదు వాక్యాలలో రాయండి.
2. రాస్ మహమ్మద్, సెయింట్ లూసియా అధ్యయనాల ఫలితాలను పోల్చండి.
3. వండూరులోని ఏర్పాట్లు యాత్రికుల ప్రవర్తనను ఎలా మారుస్తాయి?
4. సంభాషణలోని పడవ వ్యక్తి స్థానంలో మీరు ఉండి, ఇంట్లో ఆ రోజు డబ్బు అవసరం ఉంటే ఏం చేస్తారు? మీ జవాబును సమర్థించండి.
5. అండమాన్ వెళుతున్న మీ బంధువుకు, బారాటాంగ్ ప్రయాణం గురించి సలహా ఇస్తూ ఒక లేఖ రాయండి.

పాఠగత ప్రశ్నల జవాబులు

17.1: (అ) 10 (ఆ) ఉప్పునీరు (ఇ) ప్రవాళ భిత్తికలు
17.2: 1. (ఇ) 2. (ఆ)